పొట్టలు కొలిచే దర్జీ

మగవాడి పొట్ట కంటబడితే చాలు, దోన్ ఎరాక్లియో టేపు తీసి కొలవకుండా ఉండలేడు. మా మెరీదా ఊళ్లో గుయబేరాలనే వదులు మడతల చొక్కాలు కుట్టే దర్జీ కొలతలు తీసుకోవడం తప్పేమీ కాదు. కానీ ఇతగాడు చర్చిలో సత్ప్రసాదం పంచుతున్న ఫాదర్ గారి నడుముకే టేపు చుట్టి, "నూట తొమ్మిది సెంటీమీటర్లు!" అని గంట కంటే గట్టిగా మోగాడు. కన్యాస్త్రీల బడిలో నాకు సిగ్గు పాఠం చెప్పారు. ఇతని బడికి ఆ రోజు సెలవు కాబోలు.

ఒక శవయాత్రలో పెట్టె మోస్తున్న నలుగురినీ కొలిచాడు. పెట్టెలో ఉన్నాయన లేచి పారిపోతాడేమోనని నేను దారంతా కనిపెట్టుకుని నడిచాను.

నన్నూ వదల్లేదు. కొలత తరవాత ఉపన్యాసం. ఒక డాక్టరుకు చొక్కా కుడుతూ నేర్చుకున్నాడట.

"పొట్టంటే వంటగది, బావా. మగ హార్మోను అటు పోతే, కొవ్వు అందులో కొంత ఆడ హార్మోనుగా వండేస్తుంది. మగ హార్మోను తగ్గితే పొట్ట పెరుగుతుంది. పెరిగితే ఇంకా వండుతుంది!"

"మరి ఆకలెందుకు తగ్గదయ్యా?"

"ఇక చాలని కొవ్వు మెదడుకి ఉత్తరాలు రాస్తూనే ఉంటుంది. రోజుకి వెయ్యి వస్తే ఎవడు చదువుతాడు?"

మా వీధిలో రొట్టెల కొట్టు ఫిదెన్సియోకి పెళ్లై ఆరేళ్లయినా పిల్లల్లేరు. తల్లి దోన్యా కసిల్దా నోరంతా కోడలు రూబీ మీదే. "నవంబరులో చనిపోయినవాళ్ల పండగ దాకా చూస్తా. తరవాత పుట్టింటికే!" అని గడువు కూడా పెట్టేసింది.

ఎవరి బాప్తిస్మానికో చొక్కా కావాలని ఆవిడే కొడుకుని దర్జీ దగ్గరికి తీసుకొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"నూట ఇరవై రెండు!"

"చొక్కా కుట్టవయ్యా, చాటింపెందుకు?"

"కోడలికి ఎన్ని పరీక్షలు చేయించారమ్మా?"

"పదకొండు."

"అబ్బాయికి?"

కసిల్దా కోడల్ని వదిలి కొడుకు పొట్ట వైపు చూసింది. మెరీదా చరిత్రలో అదే మొదటిసారి.

"నాకేం తక్కువ?" ఫిదెన్సియో ముఖం కందగడ్డయింది.

"ఫాదర్ గారికి నూట తొమ్మిది. ఇదిగో, ఈ బావకి నూట పదిహేను. ఎవరైనా సిగ్గుతో చచ్చారా? నువ్వూ చావవు. పద డాక్టరు దగ్గరికి."

మగ హార్మోను తక్కువని తేలింది. ఆ తరవాత రోజూ నడక. సొంత కొట్లో తీపి రొట్టె తనకే నిషేధం. శనివారం శనివారం ఎరాక్లియో అదే చొక్కాని పక్కల్లో బిగించి కుట్టేవాడు. "నూట పద్నాలుగు!" "నూట ఆరు!" పండగ వచ్చింది, పోయింది. కసిల్దా కోడల్ని పంపడం మరిచిపోయి కొడుకు కంచానికి కాపలా కూర్చుంది. మరుసటేడు ఆడపిల్ల పుట్టింది.

పాప బాప్తిస్మం రోజున రూబీ నా చెవిలో చెప్పింది. "బాబాయ్, నేనొకసారి గౌను పొట్టి చేయించుకోడానికి దర్జీ దగ్గరికెళ్లి ఏడ్చేశాను, మా ఆయన్ని పరీక్షకి రమ్మంటే పరువు పోతుందంటున్నారని. ఆ ఆదివారమే ఎరాక్లియో గారు ఫాదర్‌ని కొలిచారు."

ఒక్కడి పరువు నిలపడానికి ఊరందరి పరువూ తీశాడన్నమాట! నేరుగా వెళ్లి నిలదీశాను.

"ఏమయ్యా, అయితే మా పొట్టలన్నీ వంకేనా?"

"వాళ్లవి వంకే, బావా. నీది మాత్రం నిజంగానే కొలిచాను," అంటూ టేపు తీశాడు. "ఏదీ, చేతులెత్తు."