కోర్టుకు రిహార్సలు

మా భాష్యం మామ జీవితంలో ఏ పనీ మొదటిసారి చేసి ఎరగడు. ఏది చేయాలన్నా ముందు ఒకసారి రిహార్సలు వేసుకుని, ఆ తర్వాతే అసలు పని చేసేవాడు.

తిరుపతి ప్రయాణమంటే ముందురోజే పెట్టెలూ పరుపుచుట్టలతో మమ్మల్ని సెంట్రల్ స్టేషనుకు తీసుకెళ్లి, అదే బండి ఎక్కించి, గార్డు పచ్చజెండా ఊపేలోగా దింపేవాడు. ఒకసారి అందరం దిగాం, చూడామణత్త దిగలేదు. "ఏమండీ, నేను ఈడే ఉండాను!" అని కిటికీలోంచి అరుస్తూ తర్వాతి స్టేషను బేసిన్ బ్రిడ్జి దాకా వెళ్లి వచ్చింది.

"చూసినావా? ఇదే రేపు జరిగుంటే?" అన్నాడు మామ.

"రేపైతే తిరుపతికే పోయుందును కదండీ!" అంది అత్త.

చింతాద్రిపేటలో మా పక్కింటి వెంకటాచలంగారి అమ్మాయి పెళ్లికీ రిహార్సలు పెట్టించాడు. పెళ్లికొడుకు చేతికి మంగళసూత్రం అందించబోతే పురోహితుడు అడ్డం పడి, "సామీ, ఇది ఒక్కసారే కట్టేది!" అని దండం పెట్టాడు.

ఇక నా సంగతి. అమ్మా నాన్నా పోయాక నన్ను మామా అత్తా పెంచారు. నాకు పదేళ్లప్పుడు, యాభై మూడులో, రంగనాథం పెదనాన్న, తమ్ముడి బిడ్డనైన నేను తన ఇంట్లోనే పెరగాలని చెంగల్పట్టు అవతల తన ఊరి కోర్టులో దావా వేశాడు. చెడ్డవాడు కాదు, వచ్చినప్పుడల్లా లక్కపిడతలు తెచ్చేవాడు. కానీ ఆ ఇల్లు నాకు తెలియదు. ఎవరి దగ్గర ఉంటావని జడ్జిగారు నన్నే అడుగుతారని విన్న రోజు నుంచి నాకు అన్నం దిగడం మానేసింది. తడబడి ఒక్క మాట తప్పు చెబితే మామ ఇంటికి మళ్లీ రాలేనని నా భయం.

సోమవారం విచారణ. శనివారం పొద్దున మామ, "దా కుముదా, కోర్టు చూసొస్తాం" అన్నాడు.

ఎగ్మూరులో బండెక్కి మధ్యాహ్నానికి చేరాం. కంపెనీవాళ్ల కాలం నాటి కట్టడం. తెల్లటి లావు స్తంభాలు, తలెత్తితే మెడ పట్టేసే కప్పు, దానికి ఎప్పుడో పంకాలు వేలాడదీసిన కొక్కేలు. "నూరేండ్ల కట్టడం. మెట్లు పద్నాలుగు. నిదానంగా ఎక్కు" అన్నాడు మామ. ఒక్కొక్కటే లెక్కపెడుతూ ఎక్కాను.

లోపల బిళ్ళ బంట్రోతు కాటయ్య ఒక్కడే ఉన్నాడు. సోమవారం నన్ను ఎలా పిలుస్తాడో అలా ఒకసారి పిలవమన్నాడు మామ. కాటయ్య మామను ఎగాదిగా చూసి, పిచ్చివాడితో తగువెందుకనుకున్నాడు కాబోలు, గొంతెత్తాడు.

"కుముదినీ! కుముదినీ! కుముదినీ!"

కప్పులోని పావురాలు లేచిపోయాయి. నేను మామ వెనక దాక్కున్నాను. నాలుగోసారి పిలిచేసరికి నా అంతట నేనే నడిచి బోనెక్కాను. మామ జడ్జిగారి కుర్చీ ఎక్కబోతే కాటయ్య రెక్క పట్టుకుని ఆపాడు. దాంతో కింద బెంచీ మీదే జడ్జి అయ్యాడు.

"పేరేంది? ఏం చదువుతా ఉండావు? గొంతెండితే నీళ్లడుగు, భయం లేదు."

అన్నీ అయ్యాయి. "మామా, ఎవరి దగ్గర ఉంటావంటే ఏం చెప్పాల?" అన్నాను.

మామ లేచి ఉత్తరీయం దులుపుకున్నాడు. "దానికి రిహార్సలు లేదు."

"ఒక్కసారి, మామా!"

"లేదంటే లేదు. అది నీ నోట మొదటిసారే రావాల."

ఇంటికి వచ్చేదాకా బండిలో ఏడుస్తూనే ఉన్నాను. "క్షౌరానికి కూడా రిహార్సలు చేస్తారే, దీనికి చేయించరా!" అని అత్త నిలదీసింది.

సోమవారం కాటయ్య మూడుసార్లు పిలిచాడు. వెళ్లి బోనులో నిలబడ్డాను. పెదనాన్న వకీలు కళ్లద్దాలు సర్దుకుని అడిగాడు. "ఏం పాపా, మీ మామ నీకు నేర్పించి తెచ్చినాడా?"

"నేర్పించినాడండీ."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ కళ్లు మూసుకున్నాడు. వకీలు ముఖం వెలిగిపోయింది. "ఏమేమి నేర్పించినాడు?"

"మెట్లెక్కేది, పిలిస్తే వచ్చేది, పావడా తట్టుకోకుండా ఈడ నిలబడేది, నీళ్లడిగేది. ఎవరి దగ్గర ఉంటాననేది మాత్రం అడిగినా నేర్పించలేదు."

జడ్జిగారు ముందుకు వంగారు. "ఎందుకమ్మా?"

"అది మొదటిసారే రావాలన్నాడండీ."

"అయితే ఇప్పుడు చెప్పు."

"మామ దగ్గరేనండీ. నేను లేకుంటే ఆయన రిహార్సలు ఎవరితో చేస్తాడు?"

కోర్టంతా గొల్లున నవ్వింది. పెదనాన్న కూడా నవ్వాడు. నేను మామ దగ్గరే ఉండాలనీ, సెలవుల్లో పెదనాన్న ఇంటికి వెళ్లి రావాలనీ తీర్పు చెప్పారు.

బయటికొస్తే మామ వరండాలో స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు, కదలడు.

"ఏమైందండీ?" అంది అత్త.

"నువ్వు పోతే ఏం చేయాలనేది వారంగా రిహార్సలు చేసుకుంటా ఉండాను కుముదా. నీ పావడాలు మడిచి పెట్టెలో పెట్టేది, బండి కదిలితే చెయ్యి ఊపేది, ఏడవకుండా ఇంటికొచ్చేది. అన్నీ బాగా వచ్చినాయి. గెలిస్తే ఏం చేయాలనేది చేసుకోలేదే!" అన్నాడు మామ, కళ్లు తుడుచుకుంటూ.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పద్నాలుగు మెట్లూ దిగాం. కింద మామ ఆగి వెనక్కి తిరిగాడు.

"ఇది రిహార్సలు. రాండి, పైకి పోయి ఇప్పుడు నిజంగా దిగుదాం."

అందరికంటే ముందు అత్తే ఎక్కింది.