అవ్వ ఒళ్లో ఒడిబియ్యం, నా కాలి కింద యాక్సిలరేటర్

పెళ్లైన ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం మా అక్కకు పోసి ఐదేళ్లు దాటింది. మూడో ఏట మళ్లీ పోయాల్సింది, సరిగ్గా అప్పుడే నాన్న, మా బాపు, చనిపోయాడు. ఆ మాట అక్క ఎప్పుడూ ఎత్తలేదు కానీ, ఫోన్లో వాళ్ల వాడకట్టులో ఎవరికి పుట్టింటివాళ్లు వచ్చి పోశారో మాత్రం తప్పకుండా చెప్పేది. అందుకే ఈసారి అవ్వా, అంటే మా అమ్మా, నేనూ అక్క ఉండే భూపాలపల్లికి బయలుదేరాం. ముహూర్తం చూసిన అయ్యగారు పగలు పన్నెండు లోపే పోయమన్నాడు.

నేను మహబూబాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. కారు కొని మూడు నెలలైంది, అప్పట్నుంచి నేను నేల మీద నడవడం లేదనే చెప్పాలి. ముందురోజే మా ఊరు లింగాల ఘనపూర్ చేరాను. పొద్దున ఏడింటికి కదలాలనుకుంటే ఎనిమిదిన్నర అయింది, అందులో గంట కారు తుడవడానికే పోయింది. అవ్వ పసుపు, నూనె కలిపిన ఐదుంబావు కిలోల బియ్యాన్ని ఇత్తడి గిన్నెలో గోపురంలా పోసి, పైన ఎండుకొబ్బరి కుడుకలు పెట్టి, జాకెట్ గుడ్డ కప్పి వెనక సీట్లో ఒళ్లో పెట్టుకుంది. సంచిలో పోద్దామంటే ఒప్పుకోలేదు.

"సంచిల పోస్తే దుకాణంల కొన్నట్టుంటది. నువ్వు మెల్లగ పోనియ్యి, ఒక్క గింజ రాలది."

జనగామలో హైవే ఎక్కితే హనుమకొండ దాకా నాలుగు వరుసల రోడ్డు. మధ్యలో టోల్ ఉంది, ఫాస్టాగ్‌లో ముందే డబ్బులు వేసుకోండి. రోడ్డు అద్దంలా ఉండేసరికి నా కాలు ఆగలేదు. స్పీడు ముల్లు తొంభై దాటినప్పుడల్లా వెనక నుంచి "గిన్నె కదులుతాంది బిడ్డా" అని వినిపించేది, నేను తగ్గించేవాణ్ణి, మళ్లీ పెంచేవాణ్ణి. ఇంతలో కుడి లేన్‌లో ఒక లారీ తాపీగా అడ్డం పడింది. రెండుసార్లు హారన్ కొట్టినా తప్పుకోలేదు. నాకు తిక్క రేగింది. ఎడమ నుంచి దూసుకెళ్లాను. ఎదురుగా, నా లేన్‌లోనే, రాంగ్ రూట్లో గడ్డి ట్రాక్టర్!

బ్రేకు మీద నిలబడ్డాను. కారు మట్టి అంచులోకి దిగి, ట్రాక్టర్‌కు బారెడు దూరంలో ఆగింది. వెనక్కి తిరిగితే అవ్వ గిన్నెను రెండు చేతులా పొట్టకు అదుముకుని ఉంది. దెబ్బ తగల్లేదు. కానీ ఒక పిడికెడు పసుపు బియ్యం ఆమె కాళ్ల దగ్గర చల్లి ఉంది.

ట్రాక్టర్ నడిపే అన్న దిగి వచ్చాడు. "యూటర్న్ రెండు కిలోమీటర్లున్నదన్నా. గిది దగ్గరని రోజు గిట్లనే వస్తం" అంటూనే డోర్ లోంచి గిన్నె చూశాడు. వెంటనే చెప్పులు విడిచాడు. "అయ్యో, ఒడిబియ్యమా అవ్వా?"

"ఒడిబియ్యమే. నువ్వు అడ్డం వస్తివి, వీడు ఉరికిచ్చుకుంట వచ్చె. ఇద్దరికిద్దరు మంచిగనే కలిసిండ్రు!" అంది అవ్వ. అన్న తల దించుకున్నాడు, నేనూ దించుకున్నాను. ఇద్దరం కలిసి గింజలు ఏరాం. కాళ్ల దగ్గర పడ్డవి ఒడిలో పోయకూడదంటూ అవ్వ వాటిని గట్టు మీద పిట్టలకు చల్లింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఐదేళ్లు ఎదురుచూసిన మనిషికి కొలత తక్కువ తీసుకెళ్తున్నాను.

ఆ తర్వాత ఎడమ లేన్, డెబ్బై దాటని ముల్లు. గూడెప్పాడ్ దగ్గర పరకాల రోడ్డుకు మళ్లాం. పరకాలలో ప్లేటు నలభైకి ఇడ్లీ, పది రూపాయల చాయ్. అవ్వ గిన్నెతో కారు దిగనంది. హోటల్ నడిపే ఆమె కథంతా విని, ప్లేటు కారు దగ్గరికే తెచ్చి, "గిసొంటి అవ్వ అందరి కార్లల్ల ఉండాలె" అని నవ్వింది. పదకొండూ నలభైకి భూపాలపల్లిలో అక్క గుమ్మం ముందు ఆగాం.

అక్క కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. అవ్వ దోసిళ్లతో పోస్తుంటే అక్క కళ్లు నిండాయి, మొహం మాత్రం వెలిగిపోయింది. నేను దాచలేకపోయాను. "అక్కా, ఒక పిడికెడు తక్కువున్నయి. నా దూకుడుకు రాలినయి."

అక్క కొంగు సర్దుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "అయితే ఆ పిడికెడు పట్టుకొని ఇంకోసారి రా. మెల్లగ రా." ఇల్లంతా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది అవ్వే.

తిరుగు ప్రయాణంలో నన్ను ఎన్ని కార్లు దాటిపోయాయో లెక్క లేదు, ఒక్కటీ నన్ను ఉడికించలేదు. దగ్గర దారి కదా అని ట్రాక్టరన్న ఎదురొచ్చాడు, లారీ తప్పుకోలేదు కదా అని నేను ఎడమ నుంచి దూరాను. ఎవరి సాకు వాళ్లకు సబబుగానే ఉంది, మధ్యలో అవ్వ ఉంది. ఈ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఇంట్లో పోగొట్టుకున్న గంటను రోడ్డు మీద వెతకొద్దు, ముందే బయలుదేరండి. వచ్చే ఆదివారం ఆ పిడికెడు బియ్యంతో మళ్లీ వెళ్తున్నాం. ఆరున్నరకే. కారు తుడవకుండానే.