పొనికి చెక్క మీద పులి

నా చిన్నప్పుడు పాల్వంచలో మా బడికి ఏడడుగుల డ్రాయింగ్ టీచరమ్మ వచ్చారు. ఏడడుగులని మనవళ్లకు చెబుతుంటాను గానీ, నిజానికి మా హెడ్మాస్టరు కంటే రెండు వేళ్లు పొడుగు, అంతే. నల్లగా నిగనిగలాడే మనిషి, రింగురింగుల జుట్టు. సొంతూరు హైదరాబాదు. వాళ్ల ముత్తాతను ఆఫ్రికా నుంచి ఓడలో తెచ్చారనీ, నైజాం గుర్రపుశాలలో ఉండేవాడనీ మొదటిరోజే చెప్పారు.

ఆవిడ మాకు బొమ్మలు అచ్చువేయడం నేర్పారు. తలా ఒక మెత్తటి పొనికి చెక్క ఇచ్చి, మీ ఇంటి పెద్దవాళ్లలో ఒకరిని చెక్కమన్నారు. చెక్కేసిన చోట కాగితం తెల్లగా ఉంటుంది, వదిలిన చోటే సిరా అంటుతుంది. అచ్చులన్నీ దారంతో కుట్టి పుస్తకం చేసి, శనివారం ఇళ్ల నుంచి పెద్దవాళ్లను పిలిచి చూపిస్తామన్నారు.

నేను మా ముత్తాతను పులి మీద ఎక్కించాను. పిల్లలంతా మూగేసరికి, పర్ణశాల దాకా ఆ పులి మీదే పోయి వచ్చేవాడని కూడా చెప్పేశాను.

శుక్రవారం టీచరమ్మ తన చెక్క చూపించారు. అందులో వాళ్ల ముత్తాత ఒక బక్క పిల్లాడు, చేతిలో దాణా బకెట్టు.

"గుర్రమెక్కలేదా టీచర్?" అన్నాను.

"మా ఇంట్ల అందరు సర్దారనే చెప్తరు. ఎక్కినోడు కాదురా, మేపినోడు. నీ అంతున్నప్పుడు అమ్మేసిన్రట. గిట్ల చెక్కినంకనే మావోడనిపించిండు నాకు."

మర్నాడు మా తాతయ్య వస్తాడు. తన తండ్రి సంగతి ఆయనకు తెలియదా? నలుగురిలో ఆ పులిని చూసి తలెక్కడ పెట్టుకుంటాడు? ఇంకో చెక్క ఇవ్వమని బతిమాలాను.

"ఇంకోటి లేదు. అసలేమైందో చెప్పు."

"పులిని చూసి చెట్టెక్కిండు టీచర్. పొద్దుగూకేదాక దిగలే."

ఆవిడ పడీపడీ నవ్వారు. "అవ్, గిదే మస్తుంది! చెక్కేసింది మళ్ల అతకదు గానీ, ఉన్నది ఇంకా చెక్కొచ్చు" అని బ్లేడు చేతికిచ్చారు. పులి తల తీసేశాను, కాళ్లు తీసేశాను, తోక తీసేశాను. మిగిలిన వీపు చెట్టు కొమ్మయింది. చారలు బెరడయ్యాయి.

శనివారం తాతయ్య ఆ పేజీ మీద వేలు పెట్టి, "మా నాయనే! గట్లనే కూసున్నడట!" అన్నాడు. ఇంకా ఆరని సిరా ఆయన వేలికంటింది. వారం రోజులు కడుక్కోలేదు. వారమేమిటి, రాత్రి అన్నానికి కూర్చునేదాకా కడుక్కోలేదు.

ఇప్పటికీ నా నోరు ఊరుకోదు, ముందు పెంచే చెబుతుంది. అయితే పోయినవాళ్ల మాట వచ్చినప్పుడు మాత్రం, వాళ్ల కొడుకు ఎదురుగా కూర్చుని వింటున్నట్టే ఉంటుంది నాకు. అప్పుడిక తగ్గి, ఉన్నది చెబుతాను.