పులిహోర కాగితంతో తుడిచిన నిలువుటద్దం

మొన్న ఆదివారం మా ఆవిడ చారు కోసం చింతపండు పిసికి, పిప్పిని గిన్నెలో పక్కన పెట్టి వాకిట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి గిన్నె ఖాళీ, నేను స్నానాలగదిలో ఉన్నాను. వనపర్తిలో మా బోరు నీళ్ల సంగతి చెప్పుకోకూడదు గాని, ఏడాది తిరక్కుండానే అద్దం మీద సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు కడతాయి. దానికోసం కొన్న నీలం రంగు మందు సీసా ఒకటి, దానికి తోడు ఖాళీ సీసాలు మూడు మా ఇంట్లో ఉన్నాయి. నొక్కితే బుస్సుమంటుంది, వాసన బాగుంటుంది, మచ్చ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నేను పిప్పిని పాత పంచె ముక్కలో మూట కట్టి, మచ్చల మీద అద్ది, కాసేపాగి కడిగి, నిన్నటి పేపరుతో తుడిచేసరికి అద్దం తళతళలాడింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అద్దాన్ని వదిలేసి నన్ను చూసింది. "మళ్ల అలంపురం అత్తమ్మ పూనిందా మీకు?" అంది. పూనిందనే ఒప్పుకున్నాను.

ఆ అత్తమ్మ మా నాయనకు స్వయానా అక్క. అలంపురంలో ఆడవాళ్ల బట్టలు కుట్టేది. మామ పోయాక ఇంటి ముందుగదినే దుకాణం చేసుకుంది. ఊళ్లో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు, అందరికీ టైలరమ్మే. ఆ గదిలో ఒక కుట్టు మిషను, దానికి ఎదురుగా గోడకు బిగించిన టేకు చట్రం నిలువుటద్దం ఉండేవి. ఇళ్లల్లో అరచేయంత అద్దాలు తప్ప లేని రోజుల్లో, తల నుంచి పాదం దాకా తమను తాము ఒక్కసారే చూసుకోవాలంటే ఊళ్లో ఆడవాళ్లు అత్త దుకాణానికి రావలసిందే. కుట్టించుకునే పనేమీ లేకపోయినా, పెళ్లికి పోతూ దారిలో ఆగి, ముందూ వెనకా తిరిగి చూసుకుని పోయేవాళ్లు. అత్త ఏమీ అనేది కాదు. అద్దానికి బొట్టుబిళ్ల అంటించి మరిచిపోయిన మనిషికి మాత్రం రవిక తప్పకుండా వారం ఆలస్యమయ్యేది. చెప్పి చేసేది కాదు గాని, ఊరందరికీ తెలుసు.

ఒక ఏడు వరదల్లో తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. వచ్చి ఊరుకోలేదు, మూడు రోజులు తిష్ఠ వేసి, పోతూ పోతూ ఇంటింటికీ బురద పంచిపోయింది. అత్త పక్కింటి మిద్దె ఎక్కి ప్రాణం దక్కించుకుంది. దారి తెరిచారని తెలియగానే నాయనా నేనూ, అప్పట్లో మేముండే గద్వాలలో జీపు మాట్లాడుకుని బయల్దేరాం. ఆమెను చూసి రావడానికి కాదు, తెచ్చుకోవడానికే. గద్వాల ఇంట్లో మా అమ్మ ఆమె కోసం ఒక గది సర్ది, మంచం కూడా వేసి ఉంచింది.

మేం పోయేసరికి అత్త కొంగు నడుముకు చుట్టి బురద ఎత్తిపోస్తోంది. మిషను తుప్పెక్కిపోయింది. జనం కుట్టడానికిచ్చిన బట్టలన్నీ ఒక్క ముద్దయి మూలన పడున్నాయి. అద్దం మీద పైనుంచి కింది దాకా బురద ఎండి పెచ్చులు కట్టింది. ఇంకేమున్నది ఇక్కడ, బండెక్కు అన్నాడు నాయన. అద్దమున్నది కదా అంది అత్త. అది అద్దమో గోడో చెప్పమన్నాడు నాయన. ఆయనది కోపం కాదు, ఐదు రోజుల భయం అలా మాటల్లో బయటపడింది. అత్త పార కింద పెట్టింది.

"పొద్దుగూకే లోపల దాంట్ల నా మొకం నాకు కనబడాలె తమ్మీ. కనబడితే ఈడనే ఉంట. లేకుంటే నోరెత్తకుంట నీ జీపెక్కుత."

నాయన వెంటనే సరేనన్నాడు. గెలిచాననే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను గాని నాకు సంతోషం కలగలేదు. మా ఇంట్లో ఆమెకు అన్నానికి కొదవుండదు, మర్యాదకు లోటుండదు. కాని గద్వాలలో ఆమె ఒకరికి అక్క, ఒకరికి వదినె, నాకు అత్త అవుతుంది. టైలరమ్మ కాదు. ఆ సంగతి ఆమెకు మాకంటే ముందే తెలుసు.

పందెం ఒప్పుకున్న మా నాయన తానే మొదట సాయానికి దిగాడు. కొబ్బరి పీచు ఒకటి దొరికితే, బిందె తోమినట్టు అద్దం పైమూల గర్రుగర్రుమని రెండు సార్లు రుద్దాడు. అత్త ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ బురదలో ఉన్నది మన్ను కాదు ఇసుక, పొడిగా రుద్దితే అద్దం బతకదు అంది. అప్పటికే కోడి కాలితో గీకినట్టు నాలుగు గీతలు పడ్డాయి. నాయన పీచు పారేసి పోయి మెట్టు మీద కూర్చున్నాడు.

అసలు పని అప్పుడు మొదలైంది. బావి నీళ్లూ బురదే. అత్త బకెట్టు నీళ్లలో పటిక తిప్పి ఉంచింది. పైన తేరిన నీళ్లను, తాగి పారేసిన నీళ్ల పాకెట్లలో నింపి, సూదితో ఒక్క పోటు పొడిచి నా చేతికిచ్చింది. పాకెట్టు మెల్లగా నొక్కితే దారమంత సన్నటి ధార వచ్చేది. అద్దం పైఅంచు నుంచి ఆ ధార విడుస్తూ పోతే, ఎవరూ తాకకుండానే బురద నాని, పొరలు పొరలుగా జారి కిందికి దిగింది. ఎన్ని పాకెట్లు నొక్కానో తెలియదు, నా బొటనవేళ్లు రెండూ పట్టేశాయి. బురదైతే పోయింది గాని, దాని కింద నుంచి మీగడ కట్టినట్టు తెల్లటి పొర ఒకటి బయటపడింది. అందులో అత్త మొహం కాదు, గదిలో వెలుతురుందన్న సంగతే కనబడింది. నాయన మెట్టు మీద నుంచి ఒకసారి అద్దాన్ని, ఒకసారి సూర్యుణ్ని చూశాడు.

మధ్యాహ్నం దాటింది. ఎత్తు మీద బడి దగ్గర ఎవరో పుణ్యాత్ములు పెద్ద గుండిగల్లో పులిహోర కలిపి ఊరికంతా పొట్లాలు పంచుతున్నారు. అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది, కాని వరుసలో నిలబడలేదు, వెనక పొయ్యిల దగ్గరికి పోయింది. అక్కడ పెద్దమనిషి ఒకాయన పొట్లం అందించాడు.

"పొట్లం వద్దయ్యా. చింతపండు పిప్పి కావాలె, బియ్యం కడిగిన నీళ్లు కావాలె. అన్నం అంటని పేపర్లుంటే నాలుగియ్యి" అంది అత్త.

ఆయన ఆమెను పైనుంచి కిందికి చూసి, నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో అందరూ బాగున్నారా నాయనా అని మెల్లగా అడిగాడు. బాగున్నారని చెప్పాను. నమ్మలేదు. అడిగినవన్నీ ఇచ్చి, నా రెండు చేతుల్లో నాలుగు పొట్లాలు కూడా పెట్టాడు. ఆ పూట ఊరందరికీ పులిహోర తిండి అయింది, మా అత్తకు మాత్రం పనిముట్టయింది.

పీచూ పిక్కలూ గీరకుండా పిప్పిని నాలుగు మడతల లైనింగు గుడ్డలో కట్టింది. నొక్కకుండా, పసిపిల్లకు స్నానం పోసినట్టు, పైనుంచి అద్దుకుంటూ వచ్చింది. కాసేపాగి పటిక నీళ్లతో కడిగింది. తర్వాత బియ్యం నీళ్లు పట్టించి, తడి ఆరీ ఆరకముందే పేపరు ఉండచుట్టి, నడుమ నుంచి గుండ్రంగా తుడవడం మొదలుపెట్టింది. పేపరు కిర్రుమంటే పని అయినట్టని నాకు చెప్పింది. కిర్రుమంది. ముందు అద్దంలో కనబడ్డది అత్త కాదు, వెనక మెట్టు మీద నోరు తెరుచుకుని కూర్చున్న మా నాయన. తర్వాత ఆమె ముక్కుపుల్ల, తర్వాత కళ్లు. ఐదు రోజుల మురికితో, చిక్కుపడ్డ జుట్టుతో ఉన్న తన మొహాన్ని ఆమె చాలాసేపు చూసుకుంది. "గిట్లున్ననా నేను?" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. నాయన ఓ పట్టాన ఓడే మనిషి కాదు. అద్దం అడుగున జానెడు మేర వెనక పూత నల్లబడింది, దాన్ని పట్టుకుని, "కాళ్లు కనబడ్తలెవ్వు గదా అక్కా" అన్నాడు.

"నేను మొకమన్న, కాళ్లనలే" అంది అత్త.

అద్దం తేరిందని వీధికి ఎలా తెలిసిందో గాని ఒక్కొక్కరే వచ్చారు. వరద వచ్చాక తమ మొహం తాము చూసుకోని ఆడవాళ్లు. ఒకామె జుట్టు ముడి వేసుకుంది, ఒకామె చెంప మీది బురద తుడుచుకుంది. కూలికి పోయే ఒకామె, చర్చి పక్క వీధి నుంచి వచ్చింది, క్రిస్మసుకు పిల్లలకు గౌన్లు కుడతావా అని అడిగింది. మిషను తిరగని సంగతి అందరికీ కనబడుతూనే ఉంది. అత్త కుడతానంది. నాయన అది విని లేచి, చేతులు దులుపుకుని, మిషనుకు కిరసనాయిలూ నూనే వారంలో తానే తెస్తానని చెప్పి జీపెక్కాడు. గద్వాల వచ్చాక, మంచం ఎత్తేయమని మా అమ్మకు చెప్పాడు. చెప్తూ నవ్వాడు, ఓడిపోయి అంత సంతోషంగా ఉన్న మా నాయనను నేను మళ్లీ చూడలేదు.

క్రిస్మసుకు గౌన్లు అందాయి. ఆ తర్వాత ఎన్ని వందల రవికలు ఆ అద్దం ముందు నిలబడ్డాయో. నాయన ఇప్పుడు లేడు. అత్తకు ఎనభై దాటాయి, కళ్లకు ఆపరేషనైంది, కుట్టు మానేసి చీరలకు అంచులు మాత్రం వేస్తుంది. పోయిన నెల వెళ్లినప్పుడు అద్దం నేనే తుడిచాను. పైమూల ఆ నాలుగు గీతల దగ్గరికి రాగానే, "ఆడ నెమ్మదిగ, అది మీ నాయిన దస్కత్" అంది. తుడవడమయ్యాక, మా ఆవిడ చెప్పి పంపిన మాట అడిగాను. ఒంటరిగా ఎన్నాళ్లుంటావు, వనపర్తికి రా, గది సర్ది పెట్టామన్నాను. ఆమె దారం కొస పంటితో తెంపి, కళ్లద్దాల మీదుగా నన్ను చూసింది.

"మీ నాయిన నాకు పొద్దుగూకేదాక గడువిచ్చిండు అల్లుడా" అంది. "ఇంకా గూకలే."