కిటికీ సీటు వదులుకున్నామె

మా జహీరాబాద్ బస్సు చిరాగ్‌పల్లి దగ్గర లారీల మధ్య ఇరుక్కుని గంట దాటింది. నిలబడ్డవాళ్ల ఒత్తిడికి బస్సు దిగడానికి కూడా వీల్లేదు. నేను ఫోన్‌లో మా జొన్నపిండి అమ్మే వెబ్‌సైటు పేరు కొట్టడం, రాకపోతే విసుక్కోవడం, మళ్లీ కొట్టడం. నా పక్కన కిటికీ దగ్గర ఒకామె ముఖానికి చున్నీ చుట్టుకుని కూర్చుంది. చాలాసేపు నన్నే చూసి అడిగింది.

“ఏం దేవులాడుతున్నవక్కా?”

“మా వెబ్‌సైటు. కొత్తగ పెట్టినం. పేరు కొడితే రావాలె, వస్తలేదు.”

“ఎట్ల వస్తది?”

“మన పేజీల వివరాలు సెర్చ్ ఇంజన్‌కు పంపాలె. అది చూసుకున్నంక చూపిస్తది. మేం పంపి నెల అయితుంది.”

“చూపిచ్చేదాన్ని తీసెయ్యాలంటే?”

“పెట్టినోళ్లే తీసెయ్యాలె,” అన్నాను, ఫోన్ మీంచి తలెత్తకుండానే.

ఆమె చున్నీ ఇంకాస్త పైకి లాక్కుంది.

“మా ఇంటాయన నెట్ల పెట్టిండు. కనబడుటలేదు అని, నా ఫోటో, పేరుతోని.”

అప్పుడు తలెత్తాను. లారీల సందుల్లోంచి దూరి వస్తున్న బైకులవాళ్లు బస్సు కిటికీల్లోకి చూసుకుంటూ పోతున్నారు.

“జర నువ్వు కిటికీ కాడ కూసుంటవా అక్కా?”

అంత ఉక్కలో ఆమె కిటికీ సీటు నాకిచ్చి, ఇవతలికి వచ్చి తల వంచుకుని కూర్చుంది. జహీరాబాద్‌లో జనంతో పాటు దిగిపోయింది.

కొన్ని వారాలకు మా సైటు వెతకగానే మొట్టమొదట కనబడింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఆమె పేరు అడగకపోవడమే మంచిదైందని నాకు ఆ రోజు అనిపించింది. తెలిసివుంటే, ఆ ఊపులోనే అదీ కొట్టి చూసి, ఆమెను వెతికేవాళ్లలో నేనూ ఒకదాన్ని అయ్యేదాన్ని.