యాదమ్మ మేకపోతు

ఎనభైల చివర్లో ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకన్నా బండలే ఎక్కువ. పశువుల డాక్టరుగా నాకది కొత్త ఉద్యోగం. ఎన్నిసార్లు పోతుతో దాటించినా మేకలకు చూలు నిలవడం లేదని, అక్కడ మందను మేపుకునే యాదమ్మ నన్ను పిలిచింది.

నేను టేపుతో ఆమె మేకపోతు వృషణాల చుట్టుకొలత తీస్తుంటే, పక్క బండమీద సినిమా పాట తీస్తున్నవాళ్లు పని ఆపి మరీ చూశారు. "మేడమ్, ప్యాంటు కుడతారా?" అని ఎవరో అరిచారు. సిగ్గుతో చచ్చిపోయాను. కొలత బాగానే ఉండటంతో, "పోతు మంచిదే, లోపం మేకల్లోనే" అనేశాను.

"గన్ని మేకలకూ లోపముంటదా డాక్టరమ్మా? జర దాని ఇత్తనం జూడు" అంది యాదమ్మ.

మర్నాడు వీర్యం తీసి మైక్రోస్కోపు కింద చూశాను. ఒక్క కణంలోనూ కదలిక లేదు.

ఆ మాట చెబితే యాదమ్మ ఆశ్చర్యపోలేదు. "మేం ముందుగాల పోతునే జూస్తం. నీకెంతమంది పిల్లలు?"

"లేరు. ఆరేళ్లుగా మందులు మింగుతున్నాను."

"మరి మీ ఆయనకు జూపిచ్చినవా?"

అంత చదివిన నాకే ఆ ఆలోచన తట్టలేదు! ఆ సాయంత్రం మావారిని అడిగితే, చదువుతున్న పేపరు మడిచి బయటికి వెళ్లిపోయారు. మళ్లీ అడగలేకపోయాను.

యాదమ్మ పోతును మార్చింది. కొన్ని నెలలకు, అప్పుడే పుట్టిన మేకపిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. తిరిగి ఇవ్వడానికి నాకు చాలాసేపు చేతులు రాలేదు.