కాలవ గట్టు మీద రెండో దారి

మొన్న సోమవారం మా కాలేజీలో కొత్త సెమిస్టరు మొదటి క్లాసు. తాడేపల్లి దగ్గరి ఈ ఇంజనీరింగ్ కాలేజీలో డేటా కమ్యూనికేషన్లు, కంప్యూటర్ నెట్‌వర్కుల నిర్వహణ చెప్పడం నా పని. బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి, దాని మీద ఆరు చుక్కలు పెట్టి, ఇవి ఆరు ఊళ్లనుకోండి, దీన్ని రింగు అంటారు, ఒకచోట తెగినా సమాచారం రెండో వైపు నుంచి తిరిగి వస్తుంది కాబట్టి ఏ ఊరికీ కనెక్షను పోదు అన్నాను. ఏటా చెప్పే మాటే. మామూలుగా పిల్లలు రాసుకుంటారు, నేను పేజీ తిప్పుతాను. ఈసారి మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, రెండో వైపు నిజంగా ఉందని ఎలా తెలుస్తుంది మేడమ్ అని అడిగింది. నడిచి చూడాలమ్మా అన్నాను. క్లాసంతా నవ్వింది. ముసలావిడ జోకు వేసింది అనుకున్నారు కాబోలు. స్టాఫ్ రూముకి వచ్చి టీ కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నాను గానీ అది చల్లారిపోయేదాకా తాగలేదు.

నాకు నెట్‌వర్కు నేర్పింది పుస్తకాలైతే, తీగ నేర్పింది మా బాబాయి. మా నాన్నకి స్వయానా తమ్ముడు. పాతికేళ్లు వచ్చేదాకా చీరాల పక్కన మా ఊళ్లోనే మగ్గం మీద కూర్చున్నాడు. తర్వాత కేబుల్ టీవీ వచ్చి ఇంటింటికీ తీగలు లాగే పనిలో పడ్డాడు. టీవీ కాస్తా ఇంటర్నెట్ అయ్యాక ఆ తీగలు తీసేసి ఫైబర్ లాగించాడు. వెంట్రుకంత గాజు పోగుని శుభ్రం చేసి, చివర కోసి, మిషన్లో పెట్టి అతకాలి. కుర్రాళ్లు నాలుగుసార్లు కోస్తే గానీ కుదరని అతుకు ఆయనకి మొదటిసారే కుదిరేది. పడుగు పోగులు అతికిన చేతులమ్మా ఇవి, గాజైతేనేం నూలైతేనేం అనేవాడు. నేను ఆయన చేతుల్ని అలా చూస్తూ కూర్చునేదాన్ని. పాలిటెక్నిక్, ఆ తర్వాత ఇంజనీరింగ్ చదివి, పెళ్లయి చీరాలలోనే కాపురం పెట్టిన నన్ను, ఎక్కడికో పోయి ఎవరికో చేసే చాకిరీ మన ఆఫీసులోనే చేయమ్మాయ్ అని పిలిచి కుర్చీ వేసిన మనిషి ఆయన.

ఆఫీసంటే చీరాలలో ఒక చీరల గోడౌను మీద రెండు గదులు. కింద నుంచి కొత్త చీరల గంజి వాసన. ఎండాకాలం మొదట్లో మిరపకాయల టిక్కీలతో, అదే బస్తాలతో, లారీ పోయిందంటే పైనున్న మేమూ, కిందున్న గుమాస్తాలూ కలిసి తుమ్మేవాళ్లం. ఆ తుమ్ముల మధ్య నేను బాబాయికి పాఠం చెప్పేదాన్ని. మనం పంపే ఉత్తరం ఒక్క ముక్కగా పోదు, చిన్న చిన్న ముక్కలై, ఒక్కోదాని మీద ఒక నంబరు వేసుకుని, తలో బస్సెక్కి వెళ్లి, అవతల మళ్లీ వరసలో కూర్చుంటుంది అని చెప్పాను. దారిలో ఒక ముక్క తప్పిపోతే అన్నాడు. అవతలివాళ్లు అందలేదని కబురు పెడతారు, మళ్లీ పంపిస్తాం అన్నాను. అందిన ముక్కకి అందిందని కూడా చెబుతారా అన్నాడు. చెబుతారు అన్నాను. మన బంధువులకంటే చాలా నయమే అన్నాడు. ఇద్దరం ఎంత నవ్వామో. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వు రాదు.

రింగు ఆలోచన నాది. చీరాల నుంచి రోడ్డు పక్కన స్తంభాల మీద అయిదు ఊళ్లు దాటుకుంటూ పోయే లైనొకటి ఉంది. చివరి ఊరు మాదే. మధ్యలో ఎక్కడ తెగినా అవతలి ఊళ్లన్నీ పోతున్నాయి. అందుకని మా ఊరి నుంచి కాలవ గట్టు మీదుగా వెనక్కి చీరాలకి ఇంకో లైను లాగుదాం అన్నాను. ఏడాది పట్టింది. లాగిన రోజున ఆఫీసులో తెర మీద రెండు పచ్చ చుక్కలు పక్కపక్కనే వెలిగాయి, ఒకటి రోడ్డు దారిది, ఒకటి కాలవ దారిది. బాబాయి పాలకోవా తెప్పించాడు. గోడ మీద సున్నా చుట్టి ఊళ్ల పేర్లు నేనే రంగుతో రాశాను.

ఆ రెండు లైన్ల మీదా ప్రతి స్తంభానికీ మా దగ్గర ఒక పేరుండేది. పొడుగాటి నోట్‌బుక్కులో, మిరప కళ్లం ఎదురు స్తంభం, గేదెల కొట్టం స్తంభం, పత్తి మావయ్య చేను స్తంభం అని రాసుకునేవాళ్లం. నంబర్లు వేస్తే ఎవరికీ గుర్తుండవు, చేను పేరు చెబితే గుడ్డివాడైనా చూపిస్తాడు. ఏటా వానలకి ముందు నేనూ బాబాయీ రెండు దారులూ నడిచేవాళ్లం. ఆయన తలకి తువ్వాలు, నా చేతిలో మజ్జిగ సీసా. తీగ వేలాడుతుందా, కొక్కెం ఊడిందా చూసి, స్తంభం పేరు పక్కన నేను టిక్కు పెట్టేదాన్ని. కళ్లాల దగ్గర మిరపకాయలు ఎండబోసేవాళ్లు పిలిచి టీ ఇచ్చేవాళ్లు. ఆ ఘాటుకి దగ్గుతూనే తాగేవాళ్లం. మూడో ఏడు నాకు మోకాలు వాచింది. నువ్వెందుకమ్మా ఈ ఎండలో, నేను చూసొస్తాగా అని బాబాయి నోట్‌బుక్కు తీసుకెళ్లాడు. రెండు రోజుల తర్వాత అన్ని పేర్ల పక్కనా తన వంకర టిక్కులతో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఈ వయసులో నా కోసం ఆయన ఎండలో నడిచాడని ఇంటికెళ్లి మా ఆయనకి కూడా చెప్పాను.

ఆ మరుసటి ఏడు మాఘమాసంలో చెల్లెలు, అంటే బాబాయి ఒక్కగానొక్క కూతురు, పురిటికి పుట్టింటికి వచ్చింది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లయ్యాక కూడా పట్టు వదలకుండా చదివి, ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి చివరి ఇంటర్వ్యూ దాకా వచ్చింది. పిల్లాడికి ఇంకా నెల నిండలేదు, ప్రయాణం చేయలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడితే చాలని కాలేజీవాళ్లు ఒప్పుకున్నారు. మా ఊళ్లో ఫోను సిగ్నలు కావాలంటే డాబా ఎక్కి వాటర్ ట్యాంకు పక్కన నిలబడాలి. అందుకే ముందురోజు నాకు ఫోన్ చేసి, లైను ఉంటుందా అక్కా, లేకపోతే పిల్లాణ్ణి ఎత్తుకుని చీరాల నీ దగ్గరికే వచ్చేస్తా అంది. ఎందుకే పచ్చి బాలింతరాలివి, మన ఊరికి రెండు దారులున్నాయి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది అన్నాను. అంత ధైర్యంగా జీవితంలో ఇంకో మాట చెప్పలేదు నేను.

ఆ రోజు పదింటికి ఇంటర్వ్యూ. ఎనిమిదిన్నరకి నేనూ బాబాయీ ఆఫీసులో కాఫీ తాగుతుంటే పత్తి మావయ్య ఫోన్ చేశాడు. బంధుత్వమేమీ లేదు, చేను గట్టున మా రోడ్డు లైను స్తంభాలున్నాయి కాబట్టి వరస కలుపుకున్నాం. పత్తి అయిపోయాక కట్టె పీకి చేలోనే కాల్చేస్తారు. ఆ మంట స్తంభం మీదికి ఎగబాకితే తీగ కరిగిపోతుంది. అందుకని కాల్చేముందు ఆఫీసుకి ఒక ఫోన్ చేయాలని ఆ దారిలో రైతులందరితో మాట తీసుకున్నాం. స్తంభం చుట్టూ కట్టె తీశానమ్మాయ్, అయినా గాలిగా ఉంది, ఇయ్యాల కాల్చుకోమంటావా, రేపటిదాకా ఆగమంటావా అన్నాడాయన. కాల్చాక దున్నడానికి ఆయన మాట్లాడుకున్న ట్రాక్టరు రేపు వేరే చేనుకి పోతుందని నాకు తెలుసు.

"కాల్చుకో మావయ్యా. రోడ్డు లైను పోయినా కాలవ లైనుందిగా," అన్నాను.

బాబాయి చేతిలో కాఫీ గ్లాసు సగంలో ఉంది. నా మాట మొత్తం విన్నాడు. గ్లాసు కిటికీలో పెట్టి, చిన్న పనుందమ్మా అని మెట్లు దిగి, బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. ఇంటర్వ్యూ టైముకి కూతురి దగ్గర ఉందామని వెళ్తున్నాడు అనుకున్నాను.

తొమ్మిదీ నలభైకి రెండు చుక్కలూ ఒకేసారి ఎర్రబడ్డాయి. ఒకటి ఎర్రబడటం నేను అనుకున్నదే. రెండోది ఎందుకు పోయింది? ఊళ్లో కరెంటు పోయిందేమోనని చెల్లెలికి ఫోన్ చేస్తే, ముక్కలు ముక్కలుగా వినిపించింది, కరెంటుంది అక్కా, నెట్టు లేదు అక్కా అని. స్కూటీ తీసుకుని చేను దగ్గరికి పోయేసరికి పది దాటింది. పొగ కళ్లలో కొడుతోంది. స్తంభాల మధ్య తీగ కరిగి రెండు నల్లటి ముక్కలై వేలాడుతోంది. పత్తి మావయ్య మంట ఆర్పిన వేపమండ చేత్తో పట్టుకునే నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు సరేనన్నాకే అంటించానమ్మాయ్. ఫోను గట్టు మీద వదిలేశాను. తర్వాత మీ బాబాయి బండి మీద వచ్చి ఆపమని అరిచాడు. అప్పటికే గాలి ఇటు తిరిగింది," అన్నాడు.

ఆపమని ఎందుకు అరిచాడో ఆ పొగలో నిలబడే అర్థమైంది. అర్థమైనా నమ్మబుద్ధి కాలేదు. స్కూటీ కాలవ గట్టుకి తిప్పాను. గేదెల కొట్టం స్తంభం, కొక్కెం మాత్రమే ఉంది. దాని తర్వాతది, కొక్కెం కూడా లేదు. రెండు మైళ్లు పోయాను. ఒక్క తీగ లేదు. ఆ కేబులంతా బాబాయి విప్పి వాడరేవు బీచిలో వారాంతాలకి వచ్చేవాళ్ల కోసం కట్టిన గదులకి వేసేశాడని ఆ మధ్యాహ్నమే మా లైన్‌మన్ తల దించుకుని చెప్పాడు. వాళ్లు తొందరపెట్టారట, కొత్త కేబుల్ రావడానికి నెల పడుతుందన్నారట. మరి తెర మీద రెండో చుక్క పచ్చగా ఎలా ఉంది? రోడ్డు కేబుల్లో వాడకుండా మిగిలిన పోగులుంటాయి. రెండో దారిని కూడా వాటిలోకే అతికేశాడు. అవతలి నుంచి బదులొస్తే చాలు, చుక్క పచ్చగా వెలుగుతుంది. ఆ బదులు ఏ దారిన వచ్చిందో దానికి పట్టదు. ఆ సంగతి ఆయనకి చెప్పింది కూడా నేనే. లేని తీగ పక్కన పెట్టిన టిక్కులు మాత్రం ఆయన సొంతం.

బాబాయి ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు పట్టుచీరలో, నుదుట బొట్టుతో, మంచం అంచున కూర్చుని ఉంది. డాబా ఎక్కి ఫోన్లో ప్రయత్నించిందట. బొమ్మ కదలలేదట. అయిదు నిమిషాలు చూసి, ఇంకో అభ్యర్థిని పిలుచుకున్నారట. బాబాయి మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని ఆ పక్కనే కుర్చీలో ఉన్నాడు. చొక్కా నిండా మసి. ఆ చొక్కా చూసి నాకు జాలి కూడా వేసింది, అది నిజం. నాతో ఒక్క మాట, రెండో దారి లేదమ్మా అనే ఒక్క మాట అని ఉంటే, నేను ఫోన్ పెట్టేలోపే మావయ్యని ఆపేదాన్ని. ఆ మాట అనలేక మంటతో పందెం వేసుకుని పదిమైళ్లు బండి తోలాడు.

"నిన్ను నమ్మి ఇక్కడ కూర్చున్నానక్కా," అంది చెల్లెలు.

నేను బాబాయి వైపు చూశాను. ఆయన మనవడి వేళ్లు సర్దుతూ, తల ఎత్తకుండా అన్నాడు: "అక్క మాత్రం ఏం చేస్తుందమ్మా. రెండు దారులున్నాయని తనూ అనుకుంది."

నా తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు ఎంత మెత్తగా అన్నాడో. నోట్‌బుక్కు నా సంచీలోనే ఉంది. తీసి మంచం మీద పెడితే చాలు. కానీ ఉద్యోగం పోయిన గంటకే, పచ్చి బాలింతరాలికి తండ్రి కూడా పోతాడు. కాల్చుకోమన్నది కూడా నేనే కదా. సంచీ ఒళ్లోకి లాక్కున్నాను. బాబాయి చెబుతాడులే, ఇవాళ కాకపోతే రేపు చెబుతాడులే అనుకున్నాను. నెల చూశాను. ఆయన గోడ మీద సున్నాకి కొత్త రంగు వేయించాడు. ఆ రోజే తాళాలు బల్ల మీద పెట్టి బయటికొచ్చి, చదువు మళ్లీ పట్టుకుని, ఇలా పాఠాలు చెప్పుకునే పనిలో పడ్డాను. పొగరెక్కి వెళ్లిపోయిందని ఊళ్లో అనుకున్నారు. చెల్లెలు ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. అలాంటి పిలుపు మళ్లీ రాలేదు. పెళ్లిళ్లలో కనబడితే బాగున్నావా అక్కా అంటుంది, జవాబు పూర్తయ్యేలోపే పక్కవాళ్ల వైపు తిరుగుతుంది. ఆ తిరగడం ఇప్పటికీ నాకు తట్టుకోలేని సంగతి.

కిందటి ఏడు బాబాయి విజయవాడ ఆసుపత్రికి వచ్చి, పని చూసుకుని మా ఇంటికొచ్చాడు. అంత మంచి చేతులు కాఫీ గ్లాసు పట్టుకోలేకపోతుంటే నేనే స్టూలు దగ్గరికి జరిపాను. చాలాసేపు కృష్ణలో నీళ్ల గురించీ, మిరప తెగులు గురించీ మాట్లాడాడు. వెళ్లేముందు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, ఆ నోట్‌బుక్కు ఉందా అమ్మా అని అడిగాడు. ఉంది బాబాయ్ అన్నాను.

"చెల్లికి చూపించావా?"

"లేదు. నువ్వు చెబుతావని చూస్తున్నా."

ఆయన మొహంలో సిగ్గు కనబడుతుందేమోనని వెతికాను. ఊరట కనబడింది. సరేనమ్మా, జాగ్రత్త అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజు కాలిన తీగని నేనే దగ్గరుండి అతికించాను. సాయంత్రం నాలుగుంబావుకి ఊరికి లైను తిరిగి వచ్చిందని నోట్‌బుక్కు చివరి పేజీలో టైము కూడా రాసి ఉంది. దాని కింద ఇంకో వరస ఖాళీగా వదిలాను, బాబాయి చెల్లెలికి నిజం చెప్పిన రోజు రాసుకోవడానికి. అప్పటికి నెల నిండని ఆ పిల్లాడు ఈ ఏడు హైస్కూల్లో చేరాడు, ఆ వరస ఇంకా ఖాళీగానే ఉంది.